పరాచికం అని వేసిన వార్త

ఈ సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. వార్తలు రాసి బతికిన మనిషికి అలా తెలియకపోవడం సిగ్గుచేటే. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, ఈ మూడూ మొదటి వాక్యంలోనే రావాలని మాకు నూరిపోశారు. ఇందులో ఎక్కడ, ఎవరు అన్నవి నాకు మొదటి నుంచీ తెలుసు. ఏం జరిగింది అన్న దగ్గరే చాలాకాలం తికమకపడ్డాను.

నేను బెంగళూరుకు వచ్చింది తొంభైల చివర్లో. అప్పటికి మహదేవపుర ఇంకా పూర్తిగా నగరం కాలేదు. ఒక పక్క అద్దాల మేడ లేస్తుంటే, పక్కనే కనకాంబరాల మడి ఉండేది. మా ఇంటామె ఇల్లు అలాంటి మడిని ఆనుకుని ఉండేది. కింద ఆమె, ఆమె కూతురు. పైన ఒక గది, వంటకు చిన్న మూల, అది నాది. ఇంటామె భర్త నేను రాకముందే పోయాడు. ఆమెకు అండ అంటే ఆనేకల్‌లో మగ్గాలు నడుపుతున్న అన్న. "మా అన్న లేకుంటే మేము ఏమైపోతుంటిమో" అని ఎవరూ అడక్కపోయినా అంటూ ఉండేది.

మాది గుంటూరు వైపు. మొదట్లో ఆమె తెలుగు నాకు వింతగా ఉండేది, నా తెలుగు ఆమెకు నవ్వులాటగా ఉండేది. తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అంచేత ఆమెకు తెలుగు మాట్లాడటం తప్ప చదవడం రాదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళలాంటివే కదా, కొంచెం ప్రయత్నిస్తే వస్తుంది కదా అంటే, తెలుగు అక్షరాల తలకట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయనేది. నా కన్నడం కూడా అంతే, కూడబలుక్కుంటూ ఒక శీర్షిక చదివేసరికి కాఫీ చల్లారిపోయేది.

అందుకని మా ఇద్దరి మధ్యా ఒక అలవాటు పడింది. పొద్దున్నే ఆమె గడప మీద కన్నడ పత్రిక పరుచుకుని కూర్చునేది. నేను కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చునేదాన్ని. కన్నడంలో ఉన్న వార్తను ఆమె కళ్ళతో చదువుతూ నోటితో తెలుగులో చెప్పేది. మధ్యలో తడుముకోవడం ఉండేది కాదు. ఆమె చెప్పే తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"కోలారు దగ్గర ఒకడు ఒక పాపను ప్రేమించినాడంట. ఆ పాప ఒల్లనన్నదంట. కత్తితో పొడిచినాడంట. ఎంత ప్రేమనో ఏమో పాపం" అని చెప్పి, అదే ఊపిరిలో "టమాట ధర ఇంకా దిగలేదు చూడు" అనేది.

"ప్రేమించినవాడు పొడవడమేమిటండీ" అని నేను విసుక్కునేదాన్ని.

"అట్ల రాసినారమ్మా. నేను ఏమి కలిపి చెప్తాండానా?"

కలిపి చెప్పిందో లేదో నాకు ఎలా తెలుస్తుంది? ఒకరోజు ఆమె లోపలికి వెళ్ళాక పత్రిక తీసుకుని నేనే కూడబలుక్కున్నాను. ప్రేమ అన్న మాట నిజంగానే ఉంది. పాపం అన్న మాట మాత్రం కనిపించలేదు. అయితే ఆ పాపం ఎవరి మీద అని ఆమెను అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఇద్దరి మీదనూ" అంది. నాకు కోపం వచ్చింది.

ఈ అలవాటు నా ఉద్యోగానికి కూడా పనికొచ్చింది. నేను పనిచేసింది బెంగళూరు నుంచి నడిచే ఒక తెలుగు వార్తల సైటులో. ఒక మేడ మీద నాలుగు బల్లలు, వాటి మీద వేడెక్కిపోయే కంప్యూటర్లు. అప్పట్లో మా ఫాంటు దించుకోకపోతే చదివేవాళ్ళకు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. అయినా ఆఫీసుల్లో పని తక్కువున్న తెలుగువాళ్ళందరూ మా సైటు తెరిచేవారు. నగర వార్తల పేజీ నాది. పొద్దున మెట్ల మీద విన్నది ఆఫీసుకెళ్ళి ఫోన్లు చేసి సరిచూసుకుని రాసేదాన్ని.

మా డెస్కు ఇన్‌చార్జి విజయవాడలో పత్రికల్లో పనిచేసి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు, అదే నాకు తలనొప్పి. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నాకు జ్వరమొస్తే భార్య చేత చారు పంపించిన మనిషి. కానీ ఆడవాళ్ళ మీద జరిగిన నేరాల వార్తలకు ఆయన దగ్గర రెండే రెండు రకాల బొమ్మలుండేవి. ఏడుపు వార్త అయితే మూల కూర్చుని మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆడమనిషి నీడ. కోలారులోనూ, కడపలోనూ, ఢిల్లీలోనూ దెబ్బలు తిన్నది ఆ నీడే. కొంచెం వేరేరకం వార్త అయితే ఓణీ వేసుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి. ఆ వేరేరకం అంటే ఏమిటని ఎప్పుడడిగినా, "నీకు అర్థం కాదులే అమ్మా, పాఠకుడికి అర్థమవుతుంది" అనేవాడు.

నేను దిగినప్పుడు ఇంటామె కూతురు బడి పిల్ల. రెండు జడలు, మోకాలి మీద ఎప్పుడూ ఒక దెబ్బ. నన్ను అక్కా అనేది. చూస్తుండగానే డిగ్రీ అయిపోయింది, రింగురోడ్డు మీద లేచిన మేడల్లో ఒకదానిలో ఫోన్లకు జవాబు చెప్పే ఉద్యోగం దొరికింది. కంపెనీ బస్సు రోడ్డు మీద దించితే అక్కడి నుంచి నడిచి వచ్చేది. మొదటి జీతంతో తల్లికి చీర, నాకు ఒక పెన్ను కొనిపెట్టింది. ఆ పిల్ల నడకే మారిపోయింది. ఇంటామె ముందు గొప్పగా చెప్పుకుని, తర్వాత దిష్టి తగులుతుందని మాట మార్చేది.

ఆ పిల్లకు ఒక బావ ఉండేవాడు, ఆనేకల్ మేనమామ కొడుకు. ఆ కుటుంబాల్లో మేనరికం మాట ఉయ్యాలలోనే పడిపోతుంది. అతను బండి మీద వస్తే చాలు, ఇరుగుపొరుగు "నీ మొగుడొచ్చినాడే" అని ఆ పిల్లను ఏడిపించేవాళ్ళు. చిన్నప్పుడు ఆమె చేతికి దొరికింది విసిరేది, అందరూ నవ్వేవాళ్ళు. పెద్దయ్యాక విసరడం మానేసింది, నవ్వడమూ మానేసింది. అతను మాత్రం మర్యాదస్తుడిలాగే ఉండేవాడు. అత్తకు మందులు తెచ్చేవాడు, తను వచ్చిన రోజు బస్సు ఆలస్యమైతే ఎదురెళ్ళి మరదల్ని తీసుకొచ్చేవాడు. ఒకరోజు ఆ పిల్ల అతనితోనే ముఖం మీద చెప్పింది, నిన్ను చేసుకునే ఉద్దేశం నాకు లేదని. అతను నవ్వి వెళ్ళిపోయాడని నాకు చెప్పి, గొడవ వదిలిందనుకుంది.

అప్పట్లో కుర్రకారంతా ఒక స్నేహాల సైటులో పేజీలు పెట్టుకునేవాళ్ళు. ఎవరి గోడ మీద ఎవరైనా రాయొచ్చు. ఆ పిల్లకు అందులో పేజీ లేదు. ఉన్నట్టుండి ఆమె ఫోటోతో, ఆమె పేరుతో, ఆమె ఫోన్ నంబరుతో ఒక పేజీ పుట్టింది. ఆమెకు ఆ సంగతి తెలిసేలోపే ఎవరెవరో మగవాళ్ళు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే బండి మీద ఇద్దరు వచ్చి చున్నీ పట్టి లాగారు. కింద పడి మోచేయి చీరుకుపోయింది. దారిన పోయే లారీ ఆగి హారను కొట్టబట్టి వాళ్ళు పారిపోయారు.

పేజీ ఎవరు పెట్టారో కనిపెట్టడానికి పెద్ద తెలివి అవసరం లేకపోయింది. ఆ ఫోటో ఆనేకల్‌లో గృహప్రవేశం నాడు బావ తన ఫోన్‌తో తీసింది, అది ఇంకెవరి దగ్గరా లేదు. ఫోన్ చేసి నిలదీస్తే అతనూ దాచలేదు. "సుమ్నే, తమాషాకి చేసినా" అన్నాడట. సుమ్నే అంటే ఊరికే అని. పేజీ తీసేశాడు కూడా.

ఏం రాశాడని నేనడిగితే ఆ పిల్ల తల దించుకుని "చెడ్డగా రాసినాడక్కా" అంది. ఆడపిల్ల చెడ్డగా అంటే ఇక ఏమని తవ్వుతాం? నేను ఊరుకున్నాను. ఇద్దరం కలిసి పోలీసు స్టేషనుకు వెళ్ళాం. అక్కడ బల్ల దగ్గరున్న ఆయన ఓపిగ్గానే విన్నాడు. బావ అన్న మాట వినగానే పెన్ను కింద పెట్టేశాడు. ఇది ఇంటి విషయం, తల్లిని తీసుకురా, పెద్దవాళ్ళు వచ్చి రాసిస్తే తీసుకుంటాం అన్నాడు. ఆ పిల్లకు ఉద్యోగం ఉంది, ఓటు ఉంది, మోచేతికి కట్టు ఉంది. తల్లి లేకపోవడమే లోటైంది.

తల్లి రానంది. అన్న కొడుకు మీద కేసు పెడితే పుట్టింటి గడప ఇక తొక్కేది లేదు. "ముల్లు పోయి ఆకు మీద పడినా, ఆకు పోయి ముల్లు మీద పడినా ఆకుకే కదమ్మా చేటు" అంది నాతో. ఆ సామెత వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముల్లును ఎవరూ ఏమీ అనకుండా ఉండటానికే దాన్ని పుట్టించారేమోనని నా అనుమానం. కానీ ఆమె ఏడుస్తూ అంది. ఏడ్చే మనిషితో సామెతల మీద వాదించలేకపోయాను.

అప్పుడు ఆ పిల్లే నా గదికి వచ్చి, "మీ సైటులో రాయండక్కా. అందులో వస్తే అమ్మకు అర్థమవుతుంది ఇది తమాషా కాదని. స్టేషన్లో గుడ వింటారు" అంది. పేర్లు లేకుండా రాస్తానని మాటిచ్చాను. దగ్గరి బంధువు ఒకడు అమ్మాయి పేరుతో దొంగ పేజీ పెట్టి, ఫోన్ నంబరు వేసి, అసభ్యకరంగా రాతలు రాశాడు, దానివల్ల ఆమె మీద దాడి జరిగింది, ఫిర్యాదు తీసుకోలేదు అని పొట్టిగా రాశాను. అసభ్యకరంగా అన్న మాట నాదే. అలాంటి వార్తల్లో అందరం వాడే మాట, చెయ్యి దానంతట అదే రాసేస్తుంది.

ఇన్‌చార్జి చదివాడు. "దగ్గరి బంధువంటే?"

"మేనమామ కొడుకు."

"అంటే బావ. మరి బావ అని రాయవేం?" అని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. నేను చూస్తుండగానే శీర్షిక మారిపోయింది. 'మరదలిపై అలిగిన బావ: నెట్‌లో పరాచికం, రోడ్డుపై రచ్చ'. ఊరు లేకపోతే వార్త గాలిలో ఉంటుందని ఆనేకల్, మహదేవపుర రెండూ చేర్చాడు. ఫిర్యాదు తీసుకోలేదన్న ముక్క చివరికి పోయింది, తర్వాత చోటు లేదని అదీ పోయింది. పైన ఓణీ వేసుకుని నవ్వే అమ్మాయి వచ్చి కూర్చుంది.

"సార్, ఆ పిల్ల కింద పడింది. చెయ్యి చీరుకుపోయింది. నవ్వే బొమ్మ ఏమిటి?"

"నువ్వు ఎమోషనల్ అయిపోతున్నావమ్మా. మరీ సీరియస్‌గా పెడితే ఎవడు ఓపెన్ చేస్తాడు? లైట్‌గా పెడితే చదువుతారు. చదివితే మెసేజ్ వెళ్తుంది."

ఏ మెసేజ్ అని గట్టిగానే అడిగాను. ఆయన నిజంగానే ఆలోచించి, జాగ్రత్తగా ఉండాలని, అన్నాడు. ఎవరు అని అడిగితే, అమ్మాయిలు, అన్నాడు. కొట్లాడాను. ఆ రోజు చాలాసేపు కొట్లాడి బొమ్మ మాత్రం మార్పించగలిగాను. ఓణీ అమ్మాయి పోయి నీడ వచ్చింది. అది గెలుపో ఓటమో తేల్చుకోలేక ఇంటికి నడుచుకుంటూ వచ్చాను.

కింద పాఠకుల వ్యాఖ్యలు వచ్చాయి. బావ అదృష్టవంతుడని ఒకరు. నిప్పు లేనిదే పొగ రాదని ఒకరు. ఆడపిల్లలకు సాయంత్రం డ్యూటీలెందుకని ఒకరు. మూడు ముళ్ళు వేయించెయ్యండి, ఇద్దరి గొడవా వదులుతుందని చాలామంది. ఎవరో ఒకావిడ నాకూ ఇలాగే జరిగింది అని రాసింది. దానికింద ఇంకెవరో ఫోటో పెట్టమని అడిగారు. వార్త ఎవడో ఆమె మీద రాసిన రాతల గురించి, వార్త కింద చూస్తే మళ్ళీ అవే రాతలు. వాటిని తీసేయమంటే వ్యాఖ్యలున్న వార్తలే పైకి వస్తాయన్నాడు ఇన్‌చార్జి.

ఆ పిల్లకూ తెలుగు చదవడం రాదు. ఆదివారం హాల్లో ఆఫీసు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, "చదవండక్కా" అంది. ఉన్నది ఉన్నట్టు చదివాను, శీర్షికతో సహా. ఆమె మొహం మెల్లగా వాడిపోయింది. "మీరు రాసింది ఇదేనా?" అంది. కాదు, నా కాపీ వేరే ఉందన్నాను. అది ఎవరికి కనిపిస్తుందక్కా అని అడిగింది.

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఇంటామె మొహం మాత్రం తేటపడింది. నేను మొదట పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. నిజంగానే తేటపడింది. "పరాచికం అనే రాసినారా? బావ అని రాసినారా? దేవుడు ఉండాడమ్మా" అని చేతులు జోడించింది. ఆమె లెక్క ఇది: అచ్చులో నేరం అని పడి ఉంటే పరువు పోయేది, కేసు పెట్టక తప్పేది కాదు. పరాచికం అని పడింది గనక అది ఇంట్లో మాట, ఇంట్లోనే అయిపోయింది. అన్నకు చూపించి కోపతాపాలు లేవని చెప్పి వస్తానని, ఆ వార్త ప్రింటు తీసిమ్మని నన్ను పట్టుకుంది. నేను ఇవ్వనన్నాను. ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌లో ఆమే తీయించుకుంది. తనకు చదవరాని ఆ కాగితాన్ని మడత పడకుండా సంచిలో పెట్టుకుని ఆనేకల్ బస్సెక్కింది.

అక్కడ ఇంటామె వదినది హిందూపురం వైపు, తెలుగు చదువుతుంది. చదివి నవ్విందట. ఆడబిడ్డ స్వయంగా బస్సెక్కి వచ్చి ఈ కాగితం చేతిలో పెట్టిందంటే దాని అర్థం వాళ్ళకు ఒకటే తోచింది. పత్రికే ఇద్దరినీ జత చేసి రాసింది, ఇక బయట సంబంధం ఎవరు చేసుకుంటారు, మనమే చేసుకోవాలి. వచ్చే ఆదివారం ఆకువక్క తెస్తామన్నారు. ఆకువక్క పళ్ళెం చేతులు మారిందంటే సగం పెళ్ళయినట్టే. ఇంటామె కాదనలేక, అవునని చెప్పలేక తిరిగొచ్చింది. ఆమె కూడా అయోమయంలోనే పడింది. కూతురు ఒల్లనంటే ఎవరు ఎదురు నిలబడాలి? అన్న ఇంతకాలం నిలబెట్టిన ఇంట్లో అన్నను కాదనేదెవరు?

"వాడు నా మీద చేసిందానికి వాడికే ఇస్తారా నన్ను?" అని ఆ పిల్ల తల్లిని అడిగింది. "కేసుకు నువ్వు రాకున్నా పర్లేదు, ఆ పళ్ళెం పట్టుకోవద్దు" అంది. తల్లి లేచి వంటింట్లోకి పోయింది. ఆ వారమంతా నేను మెట్ల మీదే కాఫీ తాగాను గానీ ఆమె గడప మీదికి రాలేదు.

నాకు ఆ వారం తల తిరిగిపోయింది. దీన్ని ఇక్కడికి తెచ్చింది ఎవరు? పేజీ పెట్టినవాడా, శీర్షిక పెట్టినవాడా, ప్రేమించినాడంట పొడిచినాడంట అని ఒకే ఊపిరిలో చెప్పే మా ఇంటామె నోరా, ఆ నోరు నేర్చుకున్న పత్రికా? ఒకరిని పట్టుకుంటే ఇంకొకరిని చూపిస్తున్నారు. పత్రికలో ఉంది కదా అని ఈమె అంటుంది, జనం అనుకునేదే కదా అని పత్రికవాళ్ళం అంటాం. ఆ తర్వాత కేసు నమోదయ్యాక మా సైటులో వచ్చిన శీర్షిక కూడా ఇక్కడే చెప్పేస్తాను: 'బావపై మరదలి కేసు... పెళ్లి ఇష్టం లేకనేనా?' అది మళ్ళీ ఇన్‌చార్జిదే. ఆ ప్రశ్నార్థకం చూసి నేను ఆయనతో కొన్ని నెలలు మాట్లాడలేదు. కానీ ఆ కేసు ఎలా నమోదయిందో చెప్పకుండా ఇక్కడికి దూకాను. అసలు చెప్పాల్సింది అదే.

ఆదివారం పొద్దున వాళ్ళు వచ్చారు. మేనమామ, ఆయన భార్య, కుల పెద్దలు ఇద్దరు, కొత్త చొక్కాలో బావ. ఇంటామె నన్నూ కిందికి పిలిచింది. నేను వెళ్ళకూడదనే అనుకున్నాను, ఆ పిల్ల ఒంటరిదవుతుందని వెళ్ళాను. మేనమామ నన్ను చూసి గౌరవంగా, "మీ పేపర్లో బాగా రాసినారమ్మా. మర్యాదగా రాసినారు" అన్నాడు. మధ్యలో స్టూలు మీద పళ్ళెం, అందులో తమలపాకులు, వక్కలు, రవికె గుడ్డ, కొబ్బరికాయ.

ఆ పిల్ల ఆఫీసుకు వేసుకెళ్ళే బట్టల్లోనే వచ్చి తల్లి పక్కన నిలబడింది. మోచేతి మీద కట్టు తీసేసింది, పుండు ఇంకా ఎర్రగానే ఉంది.

"కోపం వదిలెయ్ పాపా" అన్నాడు మేనమామ. "వయసులో ఉండాడు, ఏదో ఒకటి రెండు అసభ్యం మాటలు రాసినాడు. మేము అనలేదా మీ అత్తను? బావ గాక ఇంకెవరంటారు?" అత్త మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్దలూ నవ్వారు.

"అసభ్యం మాట ఒకటి గుడ లేదు మామా" అంది ఆ పిల్ల.

"మరి ఏమి రాసినాడు?"

నేను తలెత్తి చూశాను. ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. స్టేషన్లో అడగలేదు, మా ఆఫీసులో అడగలేదు, నేనూ ఒకసారి అడిగి ఊరుకున్నాను. ఆ పిల్ల గోడ వైపు చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. ఆమే రాసుకున్నట్టుగా అతను రాసిన మాటలు అవి.

"నేను కంపెనీ బస్సు రింగురోడ్డు కాడ దిగుతాను. ఆడినుంచి ఒంటిగా నడుస్తాను. కొత్త మేడ కడతాండే గోడ పక్కన దీపాలు లేవు. ఆడ అరిచినా వినేదానికి ఇండ్లు లేవు. నేను వద్దు అంటాను. అది ఊరికే అనేది, నమ్మొద్దండి."

బావ చొక్కా గుండీ సర్దుకున్నాడు. ఇది బూతు కాదు. ఇది దారి చూపించడం. దీనికి నేను అసభ్యకరం అని పేరు పెట్టాను, ఆ మాట విన్నవాళ్ళంతా తమకు తోచిన బూతులు ఊహించుకుని నవ్వుకున్నారు. మరి ఉన్నదున్నట్టు వేసి ఉంటే? ఆ దారి ఇంకొంతమందికి తెలిసి ఉండేది. వేస్తే ఆ పిల్లకు ప్రమాదం, వేయకపోతే పరాచికం. ఏది రాయాలో నాకు ఆ రోజు తెలియలేదు, ఈ రోజుకీ తెలియదు.

"మా ఇంట్లో మగోళ్ళు లేరు" అని ఆ పిల్ల ఇంకా చెప్తోంది. "అమ్మ తొమ్మిదికి మాత్ర మింగి పండుకుంటాది. తలుపు కొట్టినా లేవదు."

ఇంటామె చేయి కొంగు మీద ఆగిపోయింది. ఆ మాత్రలు ఆనేకల్ నుంచి ఎవరు తెచ్చేవారో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె మేనల్లుడి వైపు చూడలేదు. కూతురి వైపే చూసింది.

"మాత్ర సంగతి గుడ రాసినాడా?"

"రాసినాడమ్మా."

"ఇంకా ఉండాదా?"

"ఉండాది."

మేనమామ లేచాడు. మొహం నల్లబడిపోయింది. "చాల్లేమ్మా, ఆడపిల్ల నోటితో ఇన్ని మాటలు..." అంటూ పళ్ళెం మీద చెయ్యి వేశాడు, పోదామన్నట్టు.

అప్పటిదాకా అన్న ముందు ఆమె గొంతెత్తడం నేను వినలేదు. ఆ రోజూ గొంతెత్తలేదు. లేచి వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. "కూర్చో అన్నా" అంది. "నువ్వు నాకు దేవుడి మాదిరి ఉండావు, కాదనలేదు. రేపు నేను పాపతో స్టేషనుకు పోతాను, మళ్ళ నువ్వు నా మొగం చూస్తావో లేదో. దానికి ముందు అంతా విని పో."

తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని, పుండు తగలకుండా తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"మొదటినుంచి చెప్పు పాపా" అంది.